నవ్విన చోటు

గోపాల్‌పేట,
12 జూన్ 2023.

స్టీఫెన్ అన్నకు కృప వందనాలు.

ఫోన్ చేస్తే సుమన వదిన ఎత్తింది. నీ చెవికి ఇప్పుడు ఫోనులో మాటలు బొత్తిగా అందడం లేదట, ఏదైనా ఉంటే రాసి పంపమంది. నేను బడికి పోయే రోజుల్లో నువ్వు గద్వాల లైబ్రరీ నుంచి నాకు ఉత్తరాలు రాసేవాడివి, గుర్తుందా? ప్రతి ఉత్తరంలో ఏదో ఒక పుస్తకం పేరు ఉండేది. అది ఎక్కడ దొరుకుతుందో తెలియక నేను పేరు మాత్రమే పదిసార్లు చదువుకునేదాన్ని. ఇన్నేళ్లకు మళ్లీ నీకు రాస్తున్నాను. తప్పులుంటే వదినకు చదివి వినిపించకు.

దీనితో మూడు నోటుబుక్కులు పంపుతున్నాను. చెప్పింది అమ్మ, రాసింది నేను. ఏప్రిల్‌లో అమ్మ కంటికి ఆపరేషన్ అయింది. నెల రోజులు టీవీ చూడొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అన్నారు. చేతికి పని లేక ముచ్చట్లలో పడింది. పెళ్లయిన కొత్తలో కూలి గుంపుతో వలస పోయిన ముచ్చట్లు. షోలాపూర్ దాటాక ఎక్కడో కాలువ తవ్వకం, గుడిసెలు, మేస్త్రీ తిట్లు, మట్టి తట్టలు. అంగన్‌వాడీ నుంచి వచ్చాక రోజూ కాసేపు రాసుకున్నాను.

రెండో నోటుబుక్కులో ఒక సంగతి ఉంది. నాకంటే ముందు అమ్మకు ఒక కొడుకు పుట్టాడట, జాన్ అని. ఏడాదిన్నర పిల్లవాడు ఆ కాలువ మీదే జ్వరంతో పోయాడట. నలభై ఐదేళ్లు వచ్చాక నాకు ఒక అన్న ఉండేవాడని తెలిసింది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెప్తే గా దినం అంత చెప్పాలె బిడ్డా" అంది. ఆ దినమంతా చెప్పింది. నేను రాశాను.

అచ్చు వేయమని అడగడం లేదు అన్నా. వందల పుస్తకాల మీద సమీక్షలు రాసినవాడివి, ఒక్కసారి నువ్వు చదివితే చాలు. భాష మోటుగా ఉంటుంది. పనికొస్తుందనిపిస్తే నువ్వే దిద్దు.

అమ్మ నిన్ను అడిగింది. "స్టీఫను ఇంక గట్లనే బుక్కులల్ల తలకాయ పెట్టి కూసుంటుండా?" అంది. అవునన్నాను.

నీ చెల్లెలు,
కృప

*

గద్వాల,
3 సెప్టెంబర్ 2023.

చెల్లెలు కృపకు,

మూడు నెలలు జవాబు రాయనందుకు ముందు తిట్టుకో, తరువాత చదువు.

జూలై అంతా చెదలతో యుద్ధం చేశాను. తూర్పు గోడ అలమరలో కింది రెండు వరుసలు తినేశాయి. నేను సమీక్ష రాసిన తొలి పుస్తకం, ముందు అట్ట నుంచి వెనుక అట్ట దాకా సొరంగం. మీ వదిన మందు డబ్బా చేతిలో పట్టుకుని, "ఇవన్న సగం సదివినయి, మీరు సదవనియి ఇంకెన్ని ఉన్నయో" అంది. 

ఇంక అసలు సంగతి. నోటుబుక్కులు మూడుసార్లు చదివాను. మొదటిసారి చదువుతుంటే సుమన అన్నం తినమని వచ్చి, నా ముఖం చూసి తిరిగిపోయింది. కృపా, లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. 'పఠిత' అన్న పేరుతో ఆరువందలకు పైగా పుస్తకాల మీద రాశాను. మన గూనపెంక ప్రచురణల తరఫున పంతొమ్మిదేళ్లలో పదకొండు పుస్తకాలు వేశాను. ఎవరి పుస్తకం కోసం ఇదంతా చేస్తూ వచ్చానో నాకే తెలియదు. ఇప్పుడనిపిస్తోంది, పన్నెండోది ఇదేనని. నాకు గోరుముద్దలు తినిపించిన చిన్నమ్మ ఇంత మోసుకుని తిరిగిందని, పక్కనే పెరిగిన నాకు తెలియకపోయింది. ఊళ్లోకి ఎవరి పుస్తకం వచ్చినా వెతుక్కుంటూ పోయాను కానీ, ఆమె దగ్గర ఒక పూట కూర్చోలేదు.

అయితే ఇది ఇట్లాగే అచ్చుకు పోదు. చెప్పిందే మళ్లీ చెప్పడం ఉంది, వావి వరసలు కలిసిపోయాయి, ఒక చోట వాన రెండుసార్లు కురుస్తుంది. కొన్ని చోట్ల పాఠకుడు అడుగు తడబడి ఆగిపోతాడు. నువ్వు దిగులు పడకు. అంతా నేను దిద్దుకుంటాను. మొత్తం నా చేత్తో తిరగరాసి కంపోజింగుకు ఇస్తాను.

చిన్నమ్మకు చెప్పు, ఆమె పుస్తకం వస్తోందని.

మీ అన్న,
స్టీఫెన్

*

గోపాల్‌పేట,
20 సెప్టెంబర్ 2023.

అన్నకు వందనాలు.

నీ ఉత్తరం రాకపోయేసరికి నీకు నచ్చలేదనుకున్నాను. మొహమాటానికి చెప్పలేకపోతున్నావని, నోటుబుక్కులు తిరిగి పంపమని రాద్దామని రెండుసార్లు కార్డు కొన్నాను. ఆ కార్డుల మీద సెంటర్ పిల్లల బరువులు రాసుకున్నాను, చూడు నా తొందర.

అమ్మకు చెప్పాను. నమ్మలేదు. "నా ముచ్చట అచ్చుల పడ్తదా? ఎవలు సదువుతరే?" అంది. సాయంత్రానికి చర్చి ఆడవాళ్లందరికీ చెప్పుకుని వచ్చింది. ఇంటికి వచ్చాక మాత్రం అరుగు మీద కూర్చుంది. తరువాత ఒక్కటే అడిగింది. "చెప్పింది చెప్పినట్టు రాస్తడా?"

రాస్తాడమ్మా అన్నాను.

"అయితే మంచిదే. నా మీదికెల్లి దిగిపోతది" అంది.

నా అక్షర దోషాలు దిద్దు అన్నా. దీర్ఘాలు నాకు ఎప్పుడూ తేడా వస్తాయి.

కృప

*

గద్వాల,
21 జనవరి 2024.

చెల్లెలు కృపకు,

పని పూర్తయింది. నాలుగు నెలలు మరో పుస్తకం ముట్టలేదు. నా జీవితంలో ఇట్లాంటిది ఇదే మొదటిసారి. తెల్లకాగితాల మీద మొత్తం తిరగరాశాను. నూట పన్నెండు పేజీలు వచ్చింది. మన కంపోజింగ్ జుబేర్ వారంలో కొట్టి ఇచ్చాడు. ప్రూఫులు మూడుసార్లు చూశాను, ఒక్క అచ్చుతప్పు పట్టుకుంటే నీకు చీర పెడతాను.

నువ్వు నోటుబుక్కు మీద 'అమ్మ ముచ్చట్లు' అని రాశావు. అది పేరుగా నిలబడదు. 'తట్ట దించని తల్లి' అని పెట్టాను. అట్ట మీద తట్ట, దాని వెనక పొద్దు. ఎట్లా ఉంది?

భాష అంతటా ఒకే తీరుకు తెచ్చాను. కాలువ అధ్యాయం మీద ఎక్కువ రోజులు కూర్చున్నాను. పుస్తకానికి ప్రాణం అదే. ఒకటి రెండు చోట్ల కుదించాను, లేకపోతే ఆ దుఃఖం పలచబడిపోతుంది. చదివినప్పుడు నీకే తెలుస్తుంది.

ఫిబ్రవరి 18, ఆదివారం, వనపర్తిలో ఆవిష్కరణ సభ. మీ గోపాల్‌పేట నుంచి ఎంత దూరం కనుక. చిన్నమ్మను వేదిక మీద కూర్చోబెట్టాలి. ఆమె చేతనే మొదటి ప్రతి తీయిస్తాను. ఇంతవరకు నా పదకొండు సభల్లోనూ శ్రోతల కంటే కుర్చీలే ఎక్కువ. ఈసారి అట్లా కాదు. పది ప్రతులు ముందే బస్సు పార్శిల్‌లో వేస్తున్నాను, చిన్నమ్మకు చదివి వినిపించు.

మీ అన్న,
స్టీఫెన్

*

గోపాల్‌పేట,
14 ఫిబ్రవరి 2024.

అన్నకు వందనాలు.

పుస్తకాలు అందాయి. అట్ట చాలా బాగుంది. కాగితం కూడా మంచిది వేయించావు. అమ్మకు చదివి వినిపించాను. "మంచిగ రాసిండు" అంది.

సభకు రాలేకపోతున్నాం. అమ్మ మోకాళ్లు లేవనివ్వడం లేదు. నాకూ ఆ ఆదివారం పని పడింది. ఏమీ అనుకోకు.

కృప

*

గద్వాల,
2 మార్చి 2024.

కృపకు,

సభ బాగా జరిగింది. నువ్వు అడగలేదు కానీ చెబుతున్నాను.

డెబ్బై మందికి పైగా వచ్చారు. వేదిక మధ్యలో చిన్నమ్మ కోసం వేయించిన కుర్చీని చివరిదాకా ఖాళీగానే ఉంచాను. ఎవరో వచ్చి కూర్చోబోతే నేనే వద్దన్నాను. ఒక రిటైర్డ్ లెక్చరర్ కాలువ అధ్యాయం చదువుతూ మధ్యలో ఆపి కళ్లద్దాలు తీసేశాడు. నాకు ఆయన గొంతు వినబడలేదు కానీ, ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకోవడం చూశాను. ఇన్నేళ్ల నా చాకిరీకి ఆ ఒక్క క్షణం చాలనిపించింది. పక్కకు తిరిగితే ఖాళీ కుర్చీ.

మోకాళ్లు నొస్తే ఆటో మాట్లాడేవాణ్ణి కదా. ఆదివారం నాడు అంగన్‌వాడీ ఏముంటుంది? నా దగ్గర దాపరికం ఎందుకు? మీ ఇంటి కథను ఊరి ముందు పెట్టానని నామోషీ అయితే ముందే అనాల్సింది. నువ్వే పంపావు. నువ్వే దిద్దమన్నావు.

ఒక మాసపత్రికలో సమీక్ష వచ్చింది, కత్తిరించి పంపుతున్నాను. "ఎక్కడా తూకం తప్పని శోకం, ఒక్క అపస్వరం లేని మాతృహృదయం" అని రాశారు. చిన్నమ్మకైనా చదివి వినిపించు.

స్టీఫెన్

*

గోపాల్‌పేట,
25 మార్చి 2024.

అన్నకు వందనాలు.

నామోషీ కాదు అన్నా. నీ కష్టం తెలిసి కూడా అబద్ధం రాశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. కోపం వస్తే రానీ.

నీ పుస్తకాలు అందిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ కొత్త చీర విప్పకుండానే కూర్చుంది, చదువు అని. మొదటి పేజీలు వింటూ తలూపింది. "మంచిగ రాసిండు" అన్నది అప్పుడే. కాలువ అధ్యాయం మొదలుపెట్టగానే నా మోకాలి మీద చెయ్యి వేసింది. నువ్వు రాసిన వాక్యం చదివాను. "నా బంగారు తండ్రి నిర్జీవ దేహాన్ని గుండెకు హత్తుకుని దిక్కులు పిక్కటిల్లేలా విలపించాను." అమ్మ నా ముఖం చూసింది. అక్కడ అమ్మ చెప్పింది ఇంతే కదా అన్నా: "తట్ట దించి పోరని తానకు పోయిన. సూస్తే లేడు." ఆ రెండు మాటలు రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అందుకే గుర్తున్నాయి.

అధ్యాయం అయిపోయింది. తరువాతిది మొదలుపెట్టబోతే ఆపింది.

"నవ్విన కాడ సదవకపోతివి?"

"ఇందులో లేదమ్మా" అన్నాను.

"రెండు కాగితాలు కలిసి తిరిగినయేమో సూడు."

తిప్పి చూశాను. లేదు.

నీకు తెలుసు కదా ఆ ముచ్చట. పొద్దున గట్టు పక్కన పిల్లవాణ్ణి పూడ్చిపెట్టారు. మధ్యాహ్నం అమ్మ మళ్లీ తట్ట ఎత్తింది. సాయంత్రం గుడిసెల ముందు రొట్టెలు చేస్తుంటే, పక్క గుడిసె భాగ్యమ్మ ఏదో మాట అంది. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. కడుపు నొచ్చేదాకా నవ్వింది. నలభై ఏడేళ్లు ఎవరికీ చెప్పనిది జాన్ సంగతి కాదన్నా. ఈ నవ్వు. "ఏ తల్లన్న నవ్వుతదానే బిడ్డా?" అని నన్ను అడిగింది. అది చెప్పడానికే మిగతాదంతా చెప్పింది.

పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, "స్టీఫను సదువుకున్నోడు. ఆయనకు గది తప్పనిపిచ్చింది. తీసేసిండు" అంది. ఇంకాసేపటికి పుస్తకం మీద వేలు పెట్టి, "గీమె నవ్వలే. గీమె మంచిది" అంది.

అప్పటి నుంచి వారానికోసారి ఆ పుస్తకం చదవమంటుంది. "గామె కథ సదువు" అంటుంది. వింటూ మధ్యలో అడుగుతుంది, "గామెకు తర్వాత పిల్లలయినరా?" అని. ఒక ఆడపిల్ల అయిందమ్మా అంటాను. "పోనీ, మంచిగైంది" అంటుంది. మతి తప్పలేదన్నా. అన్నీ తెలిసే అంటుంది.

ఆ నోటుబుక్కులు నాకు పంపు. ఆమె మాట ఆమెకు చదివి వినిపిస్తాను.

కృప

*

గద్వాల,
10 ఏప్రిల్ 2024.

కృపకు,

జూన్ 12 నాటి నీ ఉత్తరం నా ముందే ఉంది. "భాష మోటుగా ఉంటుంది, నువ్వే దిద్దు" అని నీ అక్షరాల్లోనే ఉంది. దిద్దాను.

పుస్తకం అంటే ఏమిటో నాకు కొంత తెలుసు. బిడ్డను పూడ్చిన పూటే తల్లి నవ్విందంటే, చదివేవాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. అంతవరకు ఆమె మీద పెంచుకున్న జాలి అంతా విరిగిపోతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఆమెను వేరుగా అనుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే తీశాను. నలభై ఏళ్లు చదివిన చదువు నాకు చెప్పిన పని చేశాను. వచ్చిన ఉత్తరాలు చూస్తే నీకే తెలుస్తుంది, ఒక్కరు కూడా ఏదో లోటు ఉందని రాయలేదు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. మీ వదినకు కాలు బెణికింది.

స్టీఫెన్

*

గోపాల్‌పేట,
22 ఏప్రిల్ 2024.

అన్నకు వందనాలు.

వదిన కాలు ఎట్లా ఉంది? నువ్వు రాసిందానికి నేను జవాబు చెప్పగలిగినదాన్ని కాను. నోటుబుక్కులు పంపు.

కృప

*

గద్వాల,
30 జూన్ 2024.

కృపా,

నోటుబుక్కులు లేవు.

ఈ మాట రాయడానికి రెండు నెలలు పట్టింది. జనవరిలో ప్రూఫులు అయ్యాక మళ్లీ చెదలు కనబడ్డాయి. బల్ల కింద ఉన్న కాగితాలన్నీ, పాత ప్రూఫులు, తిరగరాసిన చిత్తుప్రతులు, పాత పేపర్లు, తట్టలకెత్తి పాత సామాన్ల బండికి వేశాను. వాటితో నీ నోటుబుక్కులూ పోయాయి. పొరపాటున పోయాయని రాసుకోవచ్చు. కానీ చేతిలోకి తీసుకుని చూశాను కృపా. ఇక వీటితో పనేముంది, పుస్తకం వచ్చేసింది కదా అనుకున్నాను. చెద పట్టినా, అట్ట ఊడినా, అచ్చయిన పుస్తకాన్ని ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ బయట పారేయలేదు నేను. చేత్తో రాసినవి కనుక పారేయగలిగాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి బజారులో పాత కాగితాల దుకాణాలన్నీ తిరిగాను. జుబేర్ కూడా నాతో వచ్చాడు. ఎప్పుడో మిల్లుకు పోయి ఉంటాయన్నారు. జుబేర్ దగ్గరున్నది నేను తిరగరాసిన ప్రతే.

ఇంకొక సంగతి. ఇది సుమనకు తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మ, అదే మీ పెద్దమ్మ, పోయిన రోజు సమాధుల తోట నుంచి వచ్చాక ఇంటి నిండా బంధువులున్నారు. చిన్నమ్మ అందరికీ అన్నం వడ్డిస్తోంది. నేను వెనక గదిలోకి పోయి, సమీక్షకు వచ్చిన ఒక పుస్తకం తీసుకున్నాను. కాసేపు మనసు మళ్లించుకుందామని తీసిన పుస్తకం నలభై పేజీలు చదివాను. సంతోషంగా చదివాను కృపా. అమ్మ పోయిందన్న మాటే మరిచిపోయాను. సుమన వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసి పోయింది. ఆ సమీక్ష అచ్చయింది. బాగా రాశావని అందరూ అన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ అలమరలో తిప్పి పెట్టి ఉంటుంది, పేరు కనబడకుండా.

చిన్నమ్మ నవ్విన చోటు కొట్టేస్తుంటే సుమన వెనక నిలబడి చూసింది. "చిన్నత్తమ్మ నవ్విన ముచ్చట ఎందుకు తీస్తున్నరు? నాకు గదే కడుపుల తగిలింది" అంది. నీకు తెల్వదు పో అన్నాను. పాఠకుడు ఆగిపోతాడని నీకు రాశాను. ఆగిపోయింది నేను. ఆ పేజీ దగ్గర కూర్చోలేక తీసేశాను.

ఒక దారి ఉంది. చిన్నమ్మ చేత ఆ ఒక్క దినం మళ్లీ చెప్పించు. చెప్పింది చెప్పినట్టు రాసి పంపు, ఒక్క దీర్ఘం కూడా ముట్టను. అదే వేసి రెండో ముద్రణ తెస్తాను. ఉన్న ప్రతులు అమ్మడం ఆపేశాను. ఇంకొకటి అడగాలి. భాగ్యమ్మ ఏమందని నవ్వారు? నోటుబుక్కులో ఉంది, ఒకటిన్నర వరుస, పేజీకి ఎడమ పక్క కింద. ఎన్నో పుస్తకాల్లో మాటలు ఈనాటికీ పేజీతో సహా చెప్పగలను. ఆ మాట మాత్రం గుర్తు రావడం లేదు. నీకు గుర్తుందా?

స్టీఫెన్

*

గోపాల్‌పేట,
15 జూలై 2024.

అన్నకు వందనాలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పొయ్యి దగ్గర, సెంటర్‌లో, ఎక్కడ ఉన్నా ఏడుపు వస్తూనే ఉంది. నోటుబుక్కుల కోసం కొంత, నీ కోసం కొంత. నాకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. అబద్ధాలు ఇక రాయను.

భాగ్యమ్మ అన్న మాట నాకూ గుర్తు లేదు. రొట్టెల గురించో, మేస్త్రీ మీసాల గురించో. రాసి పెట్టాను కదా, ఇక గుర్తు పెట్టుకోవడం ఎందుకనుకున్నాను. భాగ్యమ్మ పోయి పదేళ్లు.

నా తప్పు కూడా ఉంది అన్నా. ఆ నవ్విన ముచ్చట చెప్పిన రోజు నా పెన్ను ఆగిపోయింది. రాయనా వద్దా అని ఒక్క క్షణం చూశాను. అమ్మ నన్ను గమనించింది. "రాయి, ఏమైతది" అంది, కానీ గొంతు మారింది. తరువాత నీకు రాసేటప్పుడు భాష మోటు, దిద్దు అన్నది కూడా నేనే. అమ్మ మాటకు నేనే ముందు సిగ్గుపడ్డాను. నువ్వు దాన్ని అచ్చులో పెట్టావు, అంతే తేడా.

మళ్లీ చెప్పమని అడిగాను. "ఏంది మల్ల చెప్పేది? బుక్కుల ఉన్నది గదా" అంటుంది. అందులో లేని ముచ్చటమ్మా అంటే గోడ దిక్కు తిరిగి పడుకుంటుంది. నా వల్ల కాదు. నువ్వే వచ్చి అడుగు. నీ మాట వింటుంది. చదువుకున్నోడివని నీ మీద ఆమెకు గురి.

చెవి దగ్గర మాట్లాడితే వినబడుతుంది కదా నీకు?

కృప

*

గద్వాల,
11 ఆగస్టు 2024.

చెల్లెలు కృపకు,

శుక్రవారం మీ ఇంటికి వచ్చాను. నువ్వు ట్రైనింగుకు నాగర్‌కర్నూల్ పోయావని చిన్నమ్మ చెప్పింది. నీకు చెప్పకుండా రావాలనే వచ్చాను. నువ్వుంటే నీ ముఖం చూస్తూ మాట్లాడతాను, ఆమె ముఖం చూడను. నువ్వు వచ్చేదాకా ఉండాల్సింది. ఉండలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

వనపర్తిలో బస్సు మారేటప్పుడు ఏం మాట్లాడాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. సభల్లో మాట్లాడే ముందు రాసుకుంటాను కదా, అట్లా. చిన్నమ్మ గుమ్మంలోనే నన్ను పట్టుకుని, "ఎంత బక్కగైనవ్ కొడుకా, సుమన బువ్వ పెడ్తలేదా?" అంది. చిక్కుడుకాయ కూరతో అన్నం పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసింది. కాగితం జేబులోనే ఉండిపోయింది.

తిన్నాక చెప్పాను. నా గొంతు నాకు వినబడదు కనుక గట్టిగా మాట్లాడతానని సుమన అంటుంది. అరిచే చెప్పి ఉంటాను. చిన్నమ్మా, తప్పు చేసిన, నువ్వు చెప్పిన ముచ్చట ఒకటి బుక్కులకెల్లి తీసేసిన, మల్ల పెడ్త, నాకు చెప్పు అన్నాను. అచ్చు భాష రాలేదు నాకు. చిన్నప్పుడు ఆమెతో మాట్లాడిన మాటే వచ్చింది.

ఆమె లేచి పోయి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నా పక్కన కూర్చుని నా చెవికి నోరు ఆనించి, మెల్లగా చెప్పింది. ప్రతి మాటా వినబడింది.

"వద్దు కొడుకా. ఉండనీ. నువ్వు మంచి పని జేసినవ్. నేనే తెలివి లేక చెప్పిన. చర్చిల అందరు సదివిండ్రు, అందరు నా చెయ్యి వట్టుకోని ఏడ్చిండ్రు. గది ఉంటె పట్టుకుందురా?"

అట్లా కాదు చిన్నమ్మా, నవ్వడం తప్పు కాదు అన్నాను. మా అమ్మ పోయిన రోజు నేను చేసింది చెప్పాను. ఆమె విని, నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"నువ్వు మొగపిల్లగానివి, బుక్కు సదువుకున్నవ్. గది వేరు" అంది.

భాగ్యమ్మ ఏమందో అడిగాను. "యాదికి లేదు" అంది. యాదికి ఉంది కృపా. చెప్పేటప్పుడు పెదవి కొస ఒక్కసారి కదిలింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకెన్నిసార్లు అడిగినా తల అడ్డంగా ఊపింది.

నిన్ను చెప్పించమన్నాను, నేను వచ్చి చెప్పించబోయాను. ఇద్దరం ఇక ఆ మాట ఎత్తొద్దు. నలభై ఏడేళ్లు మోసి, దించుకుందామని ఒక్కసారి నోరు తెరిచింది. తిరిగి ఆమె నెత్తికే ఎత్తాను. ఇప్పుడు దాన్ని బరువని కూడా అనుకోవడం లేదు, నేను చేసిన మేలు అనుకుంటోంది. రెండో ముద్రణ వేయను. ఆమె వద్దన్నాక వేస్తే అది మరో దిద్దుబాటు అవుతుంది. ఇన్నేళ్లు ఎందరి పుస్తకాల్లోనో లోపాలు వెతికి రాశాను. దీని గురించి రాయడానికి మాత్రం నాకు పత్రిక లేదు. నీకు రాస్తున్నాను, అంతే.

ఉన్న ప్రతులన్నీ కట్టకట్టి అటక మీద పెట్టేస్తానని ఆమెకు చెబుదామనుకున్నాను. సంచి భుజానికి తగిలించుకుంటుంటే, ఆమె సంచి పట్టుకుని అడిగింది.

"బుక్కులు ఇంక ఉంటె రెండు ఇచ్చిపో కొడుకా. రహీమాబీ ఒకటి అడిగింది. పాస్టరమ్మ చెల్లె ఒకటి అడిగింది. గామె కథ మస్తు మంచిగున్నదంటుండ్రు."

తీసి ఇచ్చాను.

మీ అన్న,
స్టీఫెన్